పార్కు టికెట్లు కొనకుండా డిస్నీ హోటల్లో నాలుగు రోజులు: డబ్బు దండగేనా?

మీరు అడిగింది ఇదీ. రాజమండ్రి నుంచి అమ్మానాన్నలు డాలస్ వచ్చారు. నాన్నగారికి 71, అమ్మగారికి 66, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మీ ఆవిడకి ఆరో నెల. పాపకి రెండున్నరేళ్ళు. జనవరి చివర్లో ఓర్లాండో వెళ్ళి, వాల్ట్ డిస్నీ వరల్డ్ హోటల్లో నాలుగు రోజులు ఉందామని, పార్కుల జోలికి మాత్రం పోవద్దని అనుకుంటున్నారు. "అంత దూరం పోయి పార్కు చూడకపోతే తిరుపతి వెళ్ళి దర్శనం చేసుకోకుండా వచ్చినట్టే" అని ఫ్రెండ్స్ అంటున్నారట. ఇది దండగేనా, ఏ హోటల్ తీసుకోవాలి, రోజంతా ఏం చేయాలి అన్నారు.

దండగ కాదండీ. మీ ఇంట్లో ఇప్పుడున్న మనుషులకి ఇదే సరైన పద్ధతి. కాకపోతే హోటల్ ఎంచుకోవడంలో మీ లెక్క వేరుగా ఉండాలి. పార్కులకి వెళ్ళేవాళ్ళకి హోటల్ అంటే రాత్రి పడుకునే చోటు. మీకు హోటలే ఊరు, హోటలే చూడాల్సిన చోటు. టికెట్ల మీద మిగిలే డబ్బులో కొంత మంచి గది మీద పెట్టండి. బడ్జెట్ చాలకపోతే నాలుగు రోజుల్ని మూడు చేసుకోండి గానీ హోటల్ స్థాయి తగ్గించొద్దు.

నేను టాంపాలో ఉంటాను. ఓర్లాండో మాకు కారులో గంటన్నర లోపే. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు, మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు, మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు, ఇలా ఏడుసార్లు పార్కు గేటు దాటకుండా అక్కడ ఉండి వచ్చాం. పార్కులకీ వెళ్ళాం, అది వేరే సంగతి. రెండూ చూసినవాడిగా చెప్తున్నాను.

ముందు డబ్బు సంగతి. 2025లో ఒక్క రోజు టికెట్, తేదీని బట్టి పార్కుని బట్టి, మనిషికి 119 డాలర్ల నుంచి 199 డాలర్ల వరకు ఉండేది. మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు కాబట్టి పాపని పక్కన పెట్టినా, నలుగురు పెద్దలకి ఒక్క రోజుకే 500 నుంచి 800 డాలర్ల దాకా అవుతుంది. అంత పెట్టి లోపలికి వెళ్తే మీ ఆవిడ పెద్ద రైడ్లు ఎక్కకూడదు. అమ్మగారు నడవలేరు. మేం పార్కుకి వెళ్ళిన ఒక రోజు మా ఆవిడ ఫోన్లో 14 కిలోమీటర్ల నడక చూపించింది. అరవై దాటిన మోకాళ్ళని అంత దూరం నడిపించడానికి డబ్బు కట్టడం దేనికి?

"పార్కు లేకపోతే అక్కడ ఏముంటుంది" అనే అనుమానం చాలామందికి ఉంటుంది. 1971 అక్టోబరు 1న మొదలైన ఆ ప్రాంతం మొత్తం 25,000 ఎకరాల పైమాటే. నాలుగు పార్కులూ కలిపినా అందులో చిన్న ముక్క. మిగిలినదంతా చెరువులు, అడవి, పాతిక దాకా హోటళ్ళు, వాటిని కలిపే పడవలు, మోనోరైలు, గాల్లో నడిచే కేబుల్ కార్లు. హోటల్లో దిగినవాళ్ళకి వీటికి వేటికీ టికెట్ లేదు.

హోటల్ విషయంలో నా సలహా: యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో కిడానీ విలేజ్. పేరు చూసి యానిమల్ కింగ్‌డమ్ పార్కు అనుకోకండి, ఇది విడిగా ఉన్న హోటల్. మొత్తం లాడ్జ్‌లో రెండు భవనాలు. 2001లో తెరిచింది జాంబో హౌస్, 2009లో పక్కనే వచ్చింది కిడానీ. రెండింటి చుట్టూ నాలుగు పచ్చికబయళ్ళు, వాటిలో జిరాఫీలు, చారల గుర్రాలు, జింకలు, పెద్ద పెద్ద పక్షులు, అన్నీ కలిపి రెండు వందలకి పైగా జీవాలు. బయలు వైపు గది తీసుకుంటే పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వచ్చేసరికి ఎదురుగా జిరాఫీ ఆకులు తింటూ ఉంటుంది. రెండున్నరేళ్ళ పిల్లకి ఇంతకన్నా పెద్ద పార్కు ఏముంది?

మా నాన్న ప్రకాశం జిల్లా రైతు. డెబ్భై ఏళ్ళు గొడ్డూ గోదాతోనే బతికిన మనిషి. ఆయన్ని మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళినప్పుడు ఏం చూపిస్తే సంతోషిస్తాడో అని నాకు చాలా బెంగగా ఉండేది. ఆ బయళ్ళలో అంకోలే అనే ఆఫ్రికా పశువులు ఉంటాయి. ఒక్కో కొమ్ము మనిషి చేయి కంటే పొడవు, అడుగున తొడంత లావు. నాన్న ఆ రెయిలింగ్ పట్టుకుని నించున్నాడు, మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే గానీ కదల్లేదు. "కొమ్ములకి ఇది, మూపురానికి మనది" అన్నాడు. అక్కడ జంతువుల గురించి చెప్పే ఉద్యోగులు తిరుగుతుంటారు. ఒకమ్మాయిని నాతో అడిగించాడు: వీటికి మేత ఏం పెడతారు, ఈనడానికి ఎన్నాళ్ళు పడుతుంది, కొమ్ముకి దెబ్బ తగిలితే ఏం చేస్తారు. ఆ అమ్మాయి కూడా ఓపిగ్గా నిలబడి అన్నిటికీ జవాబు చెప్పింది. తిరిగి వచ్చేదారిలో, అమెరికా వాళ్ళ బ్రాహ్మన్ జాతి ఆవుల్లో మన ఒంగోలు రక్తం ఉందని, ఫ్లోరిడా పొలాల్లో అవి కనిపిస్తాయని చెప్పాను. మూపురం ఉన్న మంద కనిపించగానే కారు ఆపించాడు. ఊరికి వెళ్ళాక రచ్చబండ దగ్గర చెప్పుకున్నది ఈ రెండు విషయాలే. మీ నాన్నగారికి పశువులతో పరిచయం ఉన్నా లేకపోయినా, కూర్చున్నచోటికే వచ్చి కనిపించే జంతువులంటే పెద్దవాళ్ళకి చాలా సుఖం.

కిడానీయే ఎందుకంటే ఇంకో కారణం ఉంది. మామూలు హోటల్ గదిలో నలుగురు పెద్దలు, ఒక పాప పట్టొచ్చు. మూడేళ్ళ లోపు పాపని ఉయ్యాల మంచంలో పడుకోబెడితే లెక్కలోకి తీసుకోరు. కానీ నలుగురు పెద్దలకి ఒకే బాత్రూమ్. పొద్దున్నే నాన్నగారి స్నానం, పూజ, మీ ఆవిడ వికారాలు, ఇవన్నీ దాని దగ్గరే ఆగిపోతాయి. పైగా ఇద్దరిని మించిన ప్రతి పెద్ద మనిషికీ రోజుకి కొంత అదనంగా వేస్తారు, బుక్ చేసేటప్పుడు మొత్తం ధర చూసుకోండి. కిడానీలో ఒక బెడ్‌రూమ్ విల్లా తీసుకుంటే రెండు పూర్తి బాత్రూములు, పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలతో వంటగది, బట్టలుతికే మెషీను, ఆరబెట్టే మెషీను ఉంటాయి. అయిదుగురికి సరిపోతుంది. స్టూడియో గదుల్లో మైక్రోవేవ్ ఉంటుంది గానీ పొయ్యి ఉండదు, ఈ తేడా చాలామంది గమనించరు.

విల్లా ధర చూసి భయపడొద్దు. డిస్నీ వెకేషన్ క్లబ్ అని ఒకటుంది, అందులో సభ్యులు ముందే డబ్బు కట్టి ఇలాంటి గదుల్లో ఉండటానికి ఏటా పాయింట్లు తీసుకుంటారు, వాడుకోనివి అద్దెకి ఇస్తారు. అలా తీసుకుంటే హోటల్ వాళ్ళు చెప్పే ధర కన్నా బాగా తగ్గుతుంది. అయితే చాలావరకు ఇవి రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. ఆరో నెల అంటున్నారు కాబట్టి డాక్టరు ప్రయాణానికి సరే అన్నాకే ఈ దారి పట్టండి. అనుమానం ఉంటే ధర ఎక్కువైనా నేరుగా డిస్నీ దగ్గరే బుక్ చేసుకోండి.

కిడానీతో ఒక ఇబ్బంది ఉంది. భవనం చాలా పొడవు, లాబీ నుంచి చివరి గదులకి నడక ఎక్కువ. అమ్మగారి మోకాళ్ళ సంగతి చెప్పి లాబీకి, లిఫ్టుకి దగ్గర గది కావాలని బుక్ చేసినప్పుడే రాయించండి, చెక్ ఇన్ దగ్గర మళ్ళీ గుర్తు చేయండి. వీల్‌చెయిర్ ఒకటి ముందే ఏర్పాటు చేసుకోండి. మా అమ్మ మొదట "నాకెందుకురా, నేనేం కుంటిదాన్నా" అని బాధపడింది. రెండో రోజు తనే అడిగింది.

తిండి గురించి మీరు అడగలేదు గానీ, పెద్దవాళ్ళతో ప్రయాణం నిలబడేదీ చెడేదీ అక్కడే. కిడానీ కింది అంతస్తులో సనా అనే రెస్టారెంట్ ఉంది, ఆఫ్రికా వంటకి మన దేశపు రుచులు కలిపి వండుతారు. అక్కడ బ్రెడ్ సర్వీస్ అని ఒకటి ఇస్తారు: నాన్ లాంటి అయిదు రకాల రొట్టెలు, నంజుకోవడానికి తొమ్మిది రకాలు. కొత్తిమీర పచ్చడి, చింతపండు చట్నీ, మామిడి చట్నీ, వెల్లుల్లి ఊరగాయ, పెరుగు పచ్చడి అన్నీ ఉంటాయి. అద్దాల పక్కన టేబుల్ దొరికితే తింటూ జంతువుల్ని చూడొచ్చు. రెస్టారెంట్లలో టేబుల్ 60 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు, హోటల్లో దిగేవాళ్ళు తమ బస రోజులన్నిటికీ ఒకేసారి చేసుకోవచ్చు. ఆ రోజున మర్చిపోకండి. మిగతా పూటలకి విల్లాలో అన్నం, చారు, పెరుగు. మేం బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసా, పోపుల డబ్బా కారులో తీసుకెళ్తాం. మీరు విమానంలో వస్తారు కాబట్టి ఓర్లాండోలో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగి రండి. పెద్దవాళ్ళు రోజుకి ఒక పూట ఇంటి తిండి తింటే మిగతా రెండు పూటలు ఏం పెట్టినా సర్దుకుంటారు, ఇది నేను మా ఇంట్లో నేర్చుకున్న పాఠం.

పాప కోసం మిక్కీ మౌస్‌ని చూపించాలంటే దానికీ పార్కు అక్కర్లేదు. కాంటెంపరరీ హోటల్లో షెఫ్ మిక్కీస్‌లోనూ, రివియెరా హోటల్ పైఅంతస్తులో టొపొలినోస్ టెర్రస్‌లో ఉదయం ఫలహారం వేళలోనూ మిక్కీ, మిన్నీ వాళ్ళే టేబుల్ దగ్గరికి వస్తారు. మీకు టొపొలినోస్ అయితే బాగుంటుంది, గోల తక్కువ. కొందరు పిల్లలు అంత పెద్ద బొమ్మని చూసి జడుసుకుంటారు. మా బాబు మొదటిసారి మా మామగారి ఒళ్ళోంచి తల ఎత్తలేదు. బలవంతంగా ఫోటోకి నిలబెట్టొద్దు.

రోజంతా ఏం చేయాలన్నారు. గంటగంటకీ పట్టిక వేసుకోవద్దు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో నిద్ర. మేం చేసినవాటిలో పెద్దవాళ్ళకి బాగా నచ్చినవి చెప్తాను.

మోనోరైలు సాయంత్రం. కారు టికెట్ అండ్ ట్రాన్స్‌పోర్టేషన్ సెంటర్‌లో (మోనోరైలు, పడవలు బయల్దేరే చోటు) పెట్టండి, డిస్నీ హోటల్లో దిగినవాళ్ళకి ఆ పార్కింగ్ ఉచితం. బ్యాగులు తనిఖీ చేస్తారు, అంతే. హోటళ్ళ వైపు తిరిగే మోనోరైలు ఎక్కితే పాలినీసియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్, కాంటెంపరరీ హోటళ్ళనీ, మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కు గేటునీ చుట్టి వస్తుంది. కాంటెంపరరీలో రైలు నేరుగా భవనం లోపలికే దూసుకుపోతుంది. అక్కడ దిగితే 90 అడుగుల ఎత్తున్న, టైల్స్ పేర్చి చేసిన గోడ చిత్రం ఉంటుంది, మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి గీసింది. అందులో ఒక మేకకి అయిదు కాళ్ళుంటాయి. మా అమ్మ, మా బాబు కలిసి అరగంట వెతికి పట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో పెద్ద పడవ ఎక్కండి. మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దాకా వెళ్ళే ఆ పడవ మీంచి పార్కు లోపలి కోట బాగా కనిపిస్తుంది, టికెట్ అడిగేది గేటు లోపలికి వెళ్ళేవాళ్ళనే. చీకటి పడ్డాక పాలినీసియన్ ఒడ్డున కూర్చుంటే చెరువు అవతల కోట మీద బాణసంచా కనిపిస్తుంది. దూరం కాబట్టి చప్పుడు అదరదు, కడుపుతో ఉన్న మనిషికీ చంటిపిల్లకీ అదే మంచిది. కాల్చే టైము రోజురోజుకీ మారుతుంది, పొద్దున్నే లాబీలో కనుక్కోండి.

విల్డర్‌నెస్ లాడ్జ్ అనే ఇంకో డిస్నీ హోటల్. మా అత్తగారికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు. లావుపాటి దుంగలతో కట్టిన హాలు, మధ్యలో 82 అడుగుల ఎత్తున్న రాతి పొయ్యి, దాని ముందు ఊగే కుర్చీలు. జనవరిలో ఆ మంట దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఆవిడ అక్కడ కూర్చుని విష్ణు సహస్రనామం మొత్తం చదువుకుంది, ఎవరూ కదిలించలేదు. వెనకవైపు వేడినీటి బుగ్గలా నీళ్ళు గంటకోసారి ఎగజిమ్ముతాయి, పాపకి అది చూపించండి. అక్కణ్ణుంచి చిన్న పడవలో ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే డిస్నీ క్యాంపు మైదానానికి వెళ్ళొచ్చు. అక్కడ గుర్రాల సాల ఉంది, సాయంత్రం పూట మంట చుట్టూ కూర్చోబెట్టి పాటలు పాడిస్తారు, చిప్, డేల్ అనే కార్టూన్ ఉడతల వేషాలు వస్తాయి, తర్వాత ఆరుబయట సినిమా వేస్తారు. ఇది ఉచితం. మంటలో కాల్చుకునే మార్ష్‌మాలోలు మాత్రం అమ్ముతారు. వాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, మాంసం తినని వాళ్ళయితే పెద్దవాళ్ళకి ముందే చెప్పండి. మా మామగారు తిన్నాక తెలిసి రెండు రోజులు మనసు పాడుచేసుకున్నారు, తప్పు నాదే.

స్కైలైనర్ అనే కేబుల్ కార్లు 2019లో వచ్చాయి. ఒక్కో పెట్టెలో పదిమంది పడతారు. కదులుతూ ఉండగానే ఎక్కాలి గానీ, వీల్‌చెయిర్ ఉంటే పక్క వరసలో పూర్తిగా ఆగిన పెట్టెలో ఎక్కిస్తారు. ఏసీ ఉండదు, జనవరిలో దాని అవసరమూ లేదు. టొపొలినోస్‌లో ఫలహారం చేసిన రోజే రివియెరా దగ్గర ఎక్కి ఒక చుట్టు చుట్టి రండి. డిస్నీ స్ప్రింగ్స్ అనే బజారుకీ ప్రవేశం, పార్కింగ్ ఉచితమే. ఒక సాయంత్రం చాలు.

ఇక జాగ్రత్తలు. ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు, ఏదో ఒక పార్కు దగ్గరో డిస్నీ స్ప్రింగ్స్ దగ్గరో మారాలి. ఒకసారి నేను కారు ఇంటికి పంపించేసి, అమ్మని అలా రెండు బస్సులు మార్పించి తీసుకెళ్ళాను. చేరేసరికి ఆవిడ కాళ్ళు వాచాయి. మీరు విమానాశ్రయంలోనే కారు అద్దెకి తీసుకోండి, పాపకి సీటుతో సహా. విమానాశ్రయం నుంచి డిస్నీ ఉచితంగా నడిపిన బస్సు 2022 నుంచి లేదు. వేరే హోటల్‌కి కారులో వెళ్తే గేటు దగ్గర ఎందుకొచ్చారని అడుగుతారు, భోజనానికి బుకింగ్ ఉంటే ఇబ్బంది ఉండదు.

స్విమ్మింగ్ పూల్ మీ హోటల్‌దే వాడాలి, పక్క హోటల్ పూల్‌లోకి రానివ్వరు. నీళ్ళు వెచ్చగానే ఉంటాయి గానీ, బయటికి రాగానే జనవరి గాలి కోస్తుంది. మధ్యాహ్నం ఎండలో దింపండి. పొద్దునపూట పది డిగ్రీలకి పడిపోయే రోజులుంటాయి, పెద్దవాళ్ళకి స్వెటర్లు, మంకీ క్యాప్ తప్పనిసరి. ఫ్లోరిడా కదా అని మా వాళ్ళని పల్చటి బట్టలతో తీసుకెళ్ళి అక్కడ కొనాల్సి వచ్చింది. చెరువుల్లో దిగకూడదు, ఒడ్డున మొసళ్ళ గురించి బోర్డులుంటాయి. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు, చీకట్లో పాపని నీళ్ళ అంచుకి పోనివ్వొద్దు. గది ధర మీద పన్ను ఆరెంజ్ కౌంటీలో 12.5 శాతం, అదీ లెక్కలో వేసుకోండి.

మీ ఫ్రెండ్స్ మాటలో నిజం ఒక్క చోట ఉంది. ఇంట్లో అయిదు నుంచి పదేళ్ళ పిల్లలుంటే నేను ఈ సలహా ఇవ్వను. మా అన్నయ్య కొడుకు ఆరేళ్ళప్పుడు, ఖర్చు తగ్గుతుందని బయట ఒక చవక హోటల్లో దిగి, పార్కు వద్దనుకున్నాం. గదిలోంచి బాణసంచా చప్పుడు వినిపిస్తోంది, ఏమీ కనిపించడం లేదు. వాడు కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాడు. అక్కడ చూడ్డానికి ఓ చెట్టు కూడా లేదు. ఆ ప్రయాణం గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధే. మీ పాపకి ఇంకా ఆ పేచీ లేదు. రెండున్నరేళ్ళకి జిరాఫీ ఎంతో కోట అంతే.

నాలుగు రోజుల్లో ఎవరికైనా పార్కు చూడాలనిపిస్తే, ఫోన్లో అప్పటికప్పుడు టికెట్ కొనుక్కోవచ్చు. ముందే కొని పెట్టుకోకండి. కొంటే డబ్బు పోతుందేమోనని అమ్మగారిని లాక్కెళ్తారు. మీకో మీ నాన్నగారికో సరదా ఉంటే మీ ఇద్దరే ఒక పూట వెళ్ళి రండి, మిగతావాళ్ళు బాల్కనీలో ఉంటారు.

చివరి రోజు గది ఖాళీ చేశాక కూడా సామాను హోటల్ వాళ్ళ దగ్గరే పెట్టి సాయంత్రం దాకా ఉండొచ్చు, పూల్ కూడా వాడుకోవచ్చు. సాయంత్రం విమానమే తీసుకోండి, ఆ పూటని వదులుకోకండి. మీ అమ్మగారు మెట్లు ఎన్ని ఎక్కగలరో, మాంసం తింటారో లేదో చెప్తే ఏ పూట ఎక్కడ తినాలో విడిగా రాస్తాను.